మన హోమ్‌లో గజ్జి: శనివారం రాత్రి అందరికీ మందు

అమ్మానాన్నలను మా దగ్గర ఉంచిన కుటుంబాలందరికీ,

పై అంతస్తులో రెండు గదుల్లోని పెద్దవాళ్లకు గజ్జి సోకిందని చర్మ వైద్యులు తేల్చారు. తప్పు మాది. రాత్రిళ్లు దురదని వాళ్లు చెబుతూనే ఉన్నా, చలికి ఒళ్లు పొడిబారిందనుకుని మూడు వారాలు కొబ్బరినూనె రాస్తూ కూర్చున్నాం. వేళ్ల సందుల్లో, మణికట్టు మీద, బొడ్డు చుట్టూ పొక్కులు కనిపించిన రోజే డాక్టరుకు చూపించాల్సింది.

కంటికి ఆనని పురుగొకటి చర్మం పైపొరను తొలుచుకుపోయి గుడ్లు పెట్టడం వల్ల గజ్జి వస్తుంది. శుభ్రంగా ఉన్నవాళ్లకూ సోకుతుంది. మొదటిసారి సోకినవాళ్లకు దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ లోపే పక్కవాళ్లకు అంటుకుంటుంది. కాబట్టి దురద ఉన్నవాళ్లకే మందు రాస్తే నెల తిరక్కుండా మళ్లీ మొదటికొస్తుంది. శనివారం రాత్రి పెద్దవాళ్లు, ఆయాలు, వంటమనిషి, వాచ్‌మన్ అందరికీ ఒకేసారి రాస్తున్నాం.

మందు 5 శాతం పెర్మెత్రిన్ క్రీము. మనిషికి సుమారు 30 గ్రాములు కావాలి. వేడినీళ్ల స్నానం చేయించిన వెంటనే రాయకూడదు. ఒళ్లు ఆరి చల్లబడాలి. మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్లు కత్తిరించి వాటి కింద కూడా రాయాలి. పెద్ద వయసువాళ్లకు తల, ముఖం, చెవుల వెనక కూడా అవసరం; కళ్లకు, నోటికి తగలకూడదు. ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే: రాత్రి డైపర్ మార్చినప్పుడు, చేతులు కడిగినప్పుడు మందు పోతుంది, మళ్లీ ఎవరూ రాయరు. అందుకని ప్రతి మంచం దగ్గరా కొంచెం క్రీము విడిగా పెడుతున్నాం. 8 నుంచి 14 గంటలు ఉంచి పొద్దున స్నానం చేయిస్తాం. వారం తర్వాత రెండోసారి రాస్తాం.

ఆదివారం పొద్దున దుప్పట్లు, గలేబులు, తువ్వాళ్లు, గత మూడు రోజుల్లో కట్టిన బట్టలన్నీ 60 డిగ్రీల నీళ్లలో ఉతుకుతాం. ఉతకలేని స్వెట్టర్లు, శాలువాలు కవర్లో బిగించి కట్టి వారం పక్కన పెడతాం. మనిషి ఒంటి మీద లేకపోతే ఆ పురుగు మామూలుగా రెండు మూడు రోజులకు మించి బతకదు. శానిటైజర్‌ను నమ్ముకోవద్దు.

మందు పనిచేసినా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉండొచ్చు. కంగారుపడి మందుల షాపులో దొరికే స్టెరాయిడ్ కలిసిన క్రీములు తెచ్చి రాయకండి. దురద తగ్గినట్టుంటుంది, లోపల పురుగు పెరుగుతూనే ఉంటుంది. మంచాన ఉన్న పెద్దవాళ్లలో చర్మం మందంగా పెచ్చులు కట్టే రకం గజ్జి రావచ్చు. అందులో దురద తక్కువ, పురుగులు మాత్రం వేలల్లో ఉంటాయి. అలా కనిపిస్తే వేరే గదిలోకి మార్చి, ఐవర్‌మెక్టిన్ మాత్రలు కూడా వేయాలా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు.

గత ఆరు వారాల్లో అమ్మ చేయి పట్టుకుని చాలాసేపు కూర్చున్నవాళ్లు, పక్కన పడుకున్న మనవళ్లు దురద లేకపోయినా డాక్టరును కలవండి. అడుగుపెట్టి పలకరించి వెళ్లినవాళ్లకు భయం లేదు. పెద్దవాళ్ల బట్టలు ఉతకడానికి ఇంటికి తీసుకెళ్లే అలవాటుంటే రెండో విడత మందు పూర్తయ్యేదాకా మానేయండి.

మందుల ఖర్చు, డాక్టరు ఫీజు మావే. నెల బిల్లులో కలపం. చివరి కేసు తర్వాత ఆరు వారాలు కొత్తది రాకపోతేనే కొత్తవాళ్లను చేర్చుకుంటాం.