చెవిల ఏదో మెసులుతుందంటే నవ్వినం

ఎడిటర్ గారికి నమస్కారం,

వానలు పడంగనే మీ జిల్లా పేజీల డెంగీ, మలేరియా, పాముకాటు గురించి మంచిగ రాస్తరు, చెవి గురించి మాత్రం నేనెప్పుడు చూడలె, అందుకే రాస్తున్న. మాది దేవరకొండ దిక్కు ఊరు.

మా పెదనాయినకు డెబ్బై దాటినయి. ఎడమ చెవి ఏండ్ల సంది చీము గారుతది, దూది పెట్టుకునుడు, తీసుడు, అంతే, ఎవ్వరం పట్టించుకోలె. తిన్నంక గొర్ల దొడ్డి పక్కన యాప చెట్టు కింద నులక మంచమేసుకొని పండుడు ఆయనకు అలవాటు. మొన్న లేచి, చెవిల ఏదో మెసులుతుందిరా అన్నడు. నవ్వినం. మా చిన్నోడైతే తాతా లోపల రేడియో పెట్టిన్రా అన్నడు. తెల్లారేసరికి దూదికి నెత్తురు, పక్కన కూసోలేనంత వాసన, నొప్పికి మంచం పట్టె పట్టుకొని మూల్గుతుండు.

ఊర్ల ఆర్‌ఎంపీ టార్చి కూడ ఎయ్యలె, గుబిలి గట్టిపడ్డదని సిరంజితోని నీళ్లు కొట్టిండు, నొప్పి ఇంక ఎక్కువైంది. ఏండ్ల సంది చీము గారుతుందంటేనే కర్ణభేరికి చిల్లు ఉన్నట్టు అనుకోవాలె, అట్లాంటి చెవిల నీళ్లు కొట్టొద్దని తర్వాత నల్లగొండల ఈఎన్‌టీ డాక్టర్ చెప్పిండు. ఆయన మైక్రోస్కోప్ పెట్టి మాకు స్క్రీన్ మీద చూపెట్టిండు. తెల్లటి పురుగులు, తలలు మాంసంల గుచ్చుకొని ఉన్నయి, ఎనక చివర రెండేసి నల్ల చుక్కలు, అన్ని కదులుతున్నయి. పట్టకారుతోని ఒక్కొక్కటి తీసి ట్రేల ఏస్తుంటే లెక్కపెట్టిన, పదిహేడు. బరువు చూసి ఐవర్‌మెక్టిన్ గోలీలు రాసిండు, లోపల మిగిలినయేమో అని మళ్ల రెండు సార్లు పిలిచి చూసిండు, ఎముక దాక పోయిందేమో అని సీటీ స్కాన్ కూడ తీపిచ్చిండు.

పశువుల పుండ్లల్ల పురుగు పెట్టే ఈగ జాతేనట. చీము వాసనకొచ్చి గుడ్లు పెడితే ఒక్కరోజుల పిల్లలైతయి, వారం రోజులు బతికున్న మాంసమే తింటయి. గొర్రెకు గీరుకుపోయినా రోజు చూసి టర్పెంటైన్ రాసేటోళ్లం, ఇంట్ల ముసలాయన చెవి చూడలె, సిగ్గయింది సార్. ఆ టర్పెంటైనే పోద్దమని మా వదిన అన్నది, మంచిదయింది పొయ్యలె, చిల్లున్న చెవిల సొంతంగ ఏదీ పొయ్యొద్దట. చీమనో బొద్దింకనో దూరితే నూనె చుక్కలేసుడు కూడ కర్ణభేరి మంచిగున్నోళ్లకే. గోమారి పట్టుకుంటే గుంజొద్దు, డాక్టరే తియ్యాలె.

2007ల కేంద్రం చెవుడు నివారణ కార్యక్రమం పెట్టింది, చీము చెవి కూడ అండ్లదే. మా పీహెచ్‌సీల చెవి చూసే టార్చికి బ్యాటరీ లేదు. ప్రతి పీహెచ్‌సీల నడిచే టార్చి ఒకటి ఉండాలె, ఈఎన్‌టీ డాక్టర్ ఏ దవాఖానల ఏ రోజు కూసుంటడో మీ పేపర్ల ఏస్తే చాలామందికి పనికొస్తది.

చీము ఎండినంక చిల్లుకు ఆపరేషన్ చేస్తమన్నరు. పెదనాయిన ఒప్పుకుంటలేడు, చెవుల మీద తువ్వాల చుట్టుకొని అదే యాప చెట్టు కింద పండుతున్నడు, ఇంట్ల ఉక్కపోస్తదంట.

మీ పాఠకుడు,
దేవరకొండ దగ్గర నుంచి