బ్యాటరీ కొనేముందు బానెట్ ఎత్తి చూడు

నాన్నా చిన్నూ,

కారు సెల్ఫ్ కొడితే టిక్ టిక్‌మంటోంది, లైట్లు మాత్రం వెలుగుతున్నాయన్నావు. కొత్త బ్యాటరీకి అప్పుడే డబ్బు తగలెయ్యకు. ముందు బానెట్ ఎత్తి టెర్మినల్స్ చూడు, అంటే బ్యాటరీకి వైర్లు బిగించే ప్లస్, మైనస్ కొనలు. తెల్లగానో, నీలంగానో పొడి పేరుకుందా? లైట్లకు కొద్ది ఆంపియర్లు చాలు, స్టార్టర్‌కి వందకు పైనే కావాలి. ఆ పొడి అంత కరెంటును పోనివ్వదు.

శుభ్రం చేసేముందు ఉంగరం, కడియం తీసెయ్. బండి ఆపి, 10 నంబర్ స్పానర్‌తో ముందు మైనస్ విప్పు, తర్వాతే ప్లస్. మైనస్ ఉండగా ప్లస్ విప్పుతుంటే స్పానర్ బాడీకి తగిలిందా, షార్టయి నిప్పురవ్వలు లేస్తాయి. బ్యాటరీ దగ్గర మండే హైడ్రోజన్ వాయువు ఉంటుంది, ఆటలు కాదు. గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో నురగ రావడం ఆగేదాకా రుద్దు. ఆ నీళ్లు సెల్ మూతల్లోకి చుక్క కూడా దిగకూడదు, లోపలి యాసిడ్‌ను పాడుచేస్తాయి. మంచినీళ్లతో తుడిచి, ఆరాక ఈసారి ముందు ప్లస్, చివర మైనస్ బిగించు. చేత్తో తిప్పితే వైరు చివరి క్లాంపు కదలకూడదు. అలాగని సుత్తితో కొట్టకు. బిగించాకే పైన పల్చగా వేజలైన్ రాయి.

అప్పటికీ మొరాయిస్తే వోల్టులు కొలిచే మల్టీమీటర్ తెచ్చుకో. రాత్రంతా ఆగి ఉన్న బండికి, పొద్దున స్టార్ట్ చేయకుండానే కొలవాలి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 లోపు వచ్చిందంటే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందికి జారితే బ్యాటరీ నీరసపడింది. ఇంజను తిరుగుతుంటే మామూలుగా 13.8 నుంచి 14.5 దాకా చూపాలి. అప్పుడూ 12 దగ్గరే ఉంటే తప్పు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌దో, దాన్ని తిప్పే బెల్టుదో. ఇది చూడకుండా బ్యాటరీ మారిస్తే కొత్తదీ కొద్ది రోజుల్లోనే దిగిపోతుంది.

నీ బ్యాటరీకి మూతలుంటే నెలకోసారి నీళ్లు చూడు. రోహిణీ కార్తె ఎండకు రోళ్లే పగులుతాయంటారు, బ్యాటరీ ఎంత? డిస్టిల్డ్ వాటరే పొయ్యి. ఆర్‌ఓ నీళ్లలో కూడా లవణాలు మిగులుతాయి. ఆవిరయ్యేది నీరే గానీ యాసిడ్ కాదు కాబట్టి యాసిడ్ ఎప్పుడూ కలపకు. ఛార్జ్ చేస్తే మట్టం పెరుగుతుంది, అందుకే ఛార్జయ్యాక పై గీత వరకు నింపు. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం ముందు అవి మునిగేంత పోసి, తర్వాత ఛార్జ్ పెట్టు.

ఆఫీసుకు క్యాబ్‌లో పోయే రోజులెక్కువగా, వారానికోసారి అరగంట బండి తిప్పు. గేటు దగ్గర ఏసీ వేసి ఐదు నిమిషాలు ఆన్ చేస్తే స్టార్ట్‌కి పోయిందీ తిరిగి రాదు. సగం ఖాళీగా వారాలు నిలబెడితే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, అది ఎంత ఛార్జ్ చేసినా కరగదు. ఎప్పుడూ ఆన్‌లో ఉండే డాష్‌క్యామ్ ఉంటే దాని వైరు పీకెయ్.

బ్యాటరీ ఉబ్బినా, కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా ముట్టుకోకు, మెకానిక్‌ని పిలువు. అవేవీ లేకపోతే రేపు పొద్దున స్టార్ట్ చెయ్యకముందు మీటరు ఫోటో తీసి పంపు. అందులో అంకె చూశాకే షాపుకెళ్లాలో వద్దో చెప్తా.

అమ్మ