స్కాన్ సెంటర్లకు: ఆర్థాంక్ ఇకపై విండోస్ సెటప్‌గా ఇవ్వం

విజయవాడ, గుంటూరు సెంటర్లలో స్కాన్‌లు దాచడానికి మేం పెట్టే ఆర్థాంక్ సర్వర్‌ను ఇకపై ఉబుంటు ఎల్‌టీఎస్ (ఏళ్లపాటు అప్‌డేట్లు వచ్చే లినక్స్) వేసిన మినీ పీసీలో, డాకర్‌తో (ప్రోగ్రామ్‌ని కంటైనర్ అనే విడి గదిలో నడిపే సాధనం) సిద్ధం చేసి తెస్తాం. రిసెప్షన్ కంప్యూటర్‌లోనే బిల్లింగూ ఇదీ నడిస్తే, విండోస్ అప్‌డేట్‌కి రీస్టార్ట్ అయినప్పుడల్లా సీటీ నుంచి వచ్చే స్కాన్‌లు ఆగిపోతాయి.

డాకర్‌ని కూడా గుడ్డిగా వాడకూడదు. ఇమేజ్ (డాకర్ దింపుకునే ప్రోగ్రామ్ ప్యాకేజీ) పేరు చివర 'లేటెస్ట్' అని వదిలేస్తే, ఆర్థాంక్‌కి మేం వాడే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ కొత్త మేజర్ వెర్షన్ దిగిన రోజున పాత డేటా ఫోల్డర్‌ని అది తెరవదు, సర్వర్ లేవదు. అందుకే వెర్షన్ నంబర్ కచ్చితంగా రాసే పెడతాం. మేజర్ మార్పుంటే ముందు పీజీ డంప్ (డేటాబేస్ పూర్తి నకలు) తీసి, దాన్ని కొత్తదాంట్లోకి ఎక్కిస్తాం. స్కాన్‌లూ డేటాబేసూ కంటైనర్ బయట, వేరే డిస్కులో ఉంటాయి.

ఇంకోటి, చాలామందికి తెలియనిది: డాకర్ తెరిచిన పోర్టుని యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ ఆపదు. అందుకని 8042 వెబ్ పోర్టుని 127.0.0.1కే, అంటే ఆ పీసీ లోపలికే, కట్టి, దాని ముందు హెచ్‌టీటీపీఎస్ పెడుతున్నాం. 4242 డైకామ్ పోర్టు (స్కాన్‌లు వచ్చే దారి) మీ లోపలి నెట్‌వర్క్‌కే. రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టమని ఎవరడిగినా దయచేసి ఒప్పుకోకండి. అవి పేషెంట్ల పేర్లతో ఉన్న ఫైళ్లు.

డిస్క్ లెక్క చూడండి. 512×512 సీటీ స్లైసు కుదించకపోతే అర ఎంబీ, 300 స్లైసులకు 150 ఎంబీ. రోజుకు 20 సీటీలంటే 3 జీబీ. 1 టీబీ ఏడాదికే నిండుతుంది. 4 టీబీవి రెండు, మిర్రర్‌లో (రెండింటిలోనూ ఒకే డేటా ఉండేలా) పెట్టించుకోండి. యూపీఎస్ తప్పనిసరి.

ఆర్థాంక్ లైసెన్సు జీపీఎల్ 3, దాన్ని పోస్ట్‌గ్రెస్‌తో కలిపే ప్లగిన్‌ది ఏజీపీఎల్. రెండూ సోర్స్ కోడ్ కూడా ఇవ్వమనే లైసెన్సులు. కాబట్టి సోర్స్ కోడ్, మేం చేసిన మార్పులతో సహా, మినీ పీసీ పెట్టెతోపాటే పెన్‌డ్రైవ్‌లో ఇస్తాం. అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మీదే. మేం తీసుకునేది పెట్టెకీ, పెట్టినందుకూ, సర్వీసుకీ. రేపు వేరేవాళ్లతో చేయించుకుంటామన్నా మీకు అడ్డుండదు.

ఏఐ రీడింగ్ ప్లగిన్ కలిపి ఇమ్మంటే మాత్రం కాదంటున్నాం. 2020 ఏప్రిల్ 1 నుంచి రోగ నిర్ధారణ లాంటి వైద్య అవసరాలకు చేసిన సాఫ్ట్‌వేర్ కూడా మన దేశంలో వైద్య పరికరాల నిర్వచనంలో ఉంది. లైసెన్సు చూడకుండా అలాంటిది పెట్టి అమ్మలేం.

మేం వచ్చేలోపు పెట్టెకీ సీటీకీ ఐపీలు ఫిక్స్ చేయించండి. ఏఈ టైటిల్ (డైకామ్‌లో ఒక్కో యంత్రానికి పెట్టే పేరు) 16 అక్షరాలు దాటకూడదు. జాబితాలో ఉన్న టైటిళ్ల నుంచే స్టోర్ (స్కాన్ పంపడం) తీసుకునేలా మేం పెడతాం కాబట్టి, స్పెల్లింగ్ తేడా ఉంటే ఎకో (కనెక్షన్ పరీక్ష) పాసయినా స్కాన్ ఎక్కదు. ఎకో చూసి వదిలేయకండి. ఒక పూర్తి స్టడీ పంపి, స్లైసుల లెక్క రెండు వైపులా సరిచూశాకే సంతకం పెట్టండి.