మా చిన్నోడి విషయంలో సాయపడ్డవాళ్లకి థాంక్స్

మా వాడికి ఏడీహెచ్‌డీ (దేని మీదా ధ్యాస నిలవక, ఒకచోట కుదురుగా ఉండలేని సమస్య) అని తేలినప్పటి నుంచి మాకు సలహాలకు కొదవలేదు. కానీ పొద్దున లేచింది మొదలు ఇంట్లో ఏం చేయాలో విడమరిచి చెప్పింది మాత్రం కొందరే, వాళ్ల కోసమే ఇది రాస్తున్నా.

ముందు సైకాలజిస్టు మేడమ్‌కి. "బ్యాగు సర్దుకుని, బాటిల్ పెట్టుకుని, షూ వేసుకుని రా" అంటే వాడు బ్యాగు దాకా వెళ్లి అందులోంచి రబ్బరు తీసి ఆడుకుంటూ కూర్చుంటాడు. అది పొగరు కాదండీ, మూడు పనులు ఒకేసారి చెబితే బుర్రలో నిలవవు. దగ్గరికెళ్లి, భుజం మీద చెయ్యేసి, వాడు మన వైపు చూశాక ఒక్కటే చెప్పాలి, అది అయ్యాకే రెండోది. మెచ్చుకోవడం కూడా అప్పటికప్పుడే, ఏడాది ఆఖర్లో సైకిల్ కొంటానంటే వీళ్లకి అది వచ్చే జన్మ మాటే. హోంవర్క్‌కి పది నిమిషాలు టైమర్ పెట్టి, మధ్యలో లేచి కాసేపు గెంతనివ్వమన్నదీ ఆవిడే.

మా అత్తయ్య మొదట్లో దిష్టి తీశారు, తర్వాత నాకంటే ముందు ఆవిడే ఈ పద్ధతి పట్టేశారు. "నాన్నా, ముందు సాక్సు" అని ఆవిడ నింపాదిగా అనే తీరు నాకింకా రాలేదు.

క్లాస్ టీచర్ గారికి ఎంత చెప్పినా తక్కువే. డాక్టర్లు ఇంట్లో తీరు ఒక్కటే చూసి తేల్చరు, బడిలోనూ అలాగే ఉంటాడా అని అడుగుతారు. ఆ ఫారం ఆవిడే ఓపిగ్గా నింపి ఇచ్చారు. వాణ్ని కిటికీ పక్క నుంచి ముందు బెంచీకి మార్చి, నోటుపుస్తకాలు పంచే పని కూడా అప్పగించారు, ఎలాగూ ఒకచోట కూర్చోలేడు కాబట్టి!

డాక్టర్ మాత్ర రాశాక ఆకలి తగ్గొచ్చని, లంచ్ బాక్సు సగం తిరిగొస్తే కంగారుపడకుండా పొద్దున మాత్రకి ముందే కడుపునిండా పెట్టమని చెప్పిన అక్కకి కూడా. పెసరట్టు ఉప్మా పనిచేస్తోందక్కా, మొన్న చూపిస్తే బరువు తగ్గలేదన్నారు.

స్వీట్లు మానిపించమన్నవాళ్లకీ, పెంపకం అన్నవాళ్లకీ ఒక్క మాట: పంచదార వల్ల ఇది రాదు, చాలావరకు వంశంలోంచి వచ్చేదే. డాక్టర్ అడిగే ప్రశ్నలు వింటూ మా ఆయనే "ఇవన్నీ నాకూ ఉన్నాయి కదా" అన్నారు. బండి తాళాలు రోజూ ఎందుకు వెతుక్కుంటారో అప్పుడర్థమైంది!

ఎవరిని అడగాలో తెలియనివాళ్లు మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులేం తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.