కోతుల ఆశ్రయానికి ముందుగా వేయవలసిన లెక్క

సంపాదకులకు నమస్కారం.

జిల్లాకొక కోతుల పునరావాస కేంద్రం పెట్టాలని పాఠకులు కొంతకాలంగా మీ పత్రికకు రాస్తున్న లేఖలను శ్రద్ధగా చదువుతున్నాను. మక్కజొన్న కంకులు ఇంటికి చేరకముందే చేలో సగం పోగొట్టుకున్న రైతు కోపంలో న్యాయం ఉంది. పంచాయతీ ఎన్నికల్లో కోతుల బెడద తీరుస్తామన్న హామీ ఓట్లు తెచ్చే స్థాయికి వచ్చిందంటే ఆ బాధ ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. అయితే ముప్పై ఏళ్లు పశువైద్యుడిగా పనిచేసి, పదవీ విరమణ తరువాత కొంతకాలం ఒక కోతుల ఆశ్రయంలో వైద్యం చూసినవాడిగా, ఈ చర్చలో రెండు వేర్వేరు పనులను మనం ఒకే పేరుతో పిలుస్తున్నామని మనవి చేయదలచాను.

నిర్మల్ జిల్లా చించోలి (బి) దగ్గర గండి రామన్న హరితవనంలో 2020 డిసెంబరులో మొదలైన కేంద్రం ఉద్దేశం, పట్టి తెచ్చిన కోతులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, కోలుకున్నాక అడవిలో విడిచిపెట్టడం. హిమాచల్ ప్రదేశ్ అంతకు చాలా ఏళ్ల ముందే ఈ దారి పట్టింది. ఇది ఆసుపత్రి వంటిది. వచ్చిన ప్రాణి నాలుగు రోజులుండి వెళ్లిపోతుంది. శాశ్వత ఆశ్రయం అలా కాదు. అక్కడికి వచ్చిన కోతికి తిరిగి వెళ్లే చోటు ఉండదు. కరెంటు తీగ తగిలి చెయ్యి పోయినది, పసితనంలో తల్లి చనిపోతే మనుషుల ఒళ్లో పాలసీసాతో పెరిగినది, మెడకు తాడు కట్టి వీధివీధి ఆడించినది, ప్రయోగశాలలో ఏళ్ల తరబడి పంజరంలో ఉండి పని అయిపోయినది. ఇటువంటి వాటిని మందలోకి వదిలితే మంద కరిచి తరుముతుంది, ఊళ్లోకి వదిలితే మనుషులు కొడతారు.

నేను చూసిన వాటిలో ఒక ఆడకోతి 11 కేవీ తీగ తగిలి కుడిచెయ్యి మోచేతి దాకా పోగొట్టుకుంది. కోతి పుండు బ్రహ్మరాక్షసి అన్న సామెతను చిన్నప్పటి నుంచి విన్నాను గాని, దాని అర్థం ఆ నెలలోనే తెలిసింది. వేసిన కుట్లు తెల్లారేసరికి పీకేసేది, కట్టిన కట్టు గంటలో విప్పేసేది. చివరకు లోపలి నుంచి కుట్లు వేసి, చేతికి పనిగా వెదురు గొట్టంలో వేరుశనగపప్పులు కూరి ఇస్తే, అవి తీసుకునే ధ్యాసలో పుండు మరిచింది. ఆ ఆశ్రయాన్ని నడిపినది ఒక ఉదార వ్యాపారి. ఆయన పోయాక పిల్లలు ఏడాది పాటు లాగి, చేతులెత్తేశారు. వారిని నేను తప్పుపట్టను. తండ్రి దయను వారసత్వంగా మోయమని ఏ చట్టమూ చెప్పదు. తప్పల్లా మొదటి రోజున లెక్క వేయకపోవడంలో ఉంది.

ఆ లెక్క పెద్ద కష్టమైనదేమీ కాదు. బాగా చూసుకుంటే మన కోతులు పాతికేళ్లకు పైబడి బతుకుతాయి. ఐదేళ్ల కోతి ఆశ్రయానికి వస్తే ఇంకో ఇరవై ఏళ్లు దాని తిండి మనదే, అంటే నాలుగు శాసనసభలు మారేంత కాలం. ఒక్కొక్క దానికి రోజుకు 60 రూపాయల తిండి అనుకున్నా నూరు కోతులకు ఏడాదికి దాదాపు 22 లక్షలు, ఇరవై ఏళ్లకు 4 కోట్ల 38 లక్షలు. ఇందులో ధరల పెరుగుదల లేదు, జీతాలు లేవు, మందులు లేవు. ప్రారంభోత్సవం నాటి శిలాఫలకం మీద ఉండేది కట్టడం ఖర్చు మాత్రమే.

లెక్క వేయని చోట ఏమవుతుందో ఆఫ్రికాలోని లైబీరియా దేశం చూపింది. న్యూయార్క్ బ్లడ్ సెంటర్ అనే సంస్థ అక్కడ 1970ల నుంచి చింపాంజీల మీద హెపటైటిస్ పరిశోధనలు చేసి, ముగిశాక వాటిని నదీముఖంలోని ఆరు దీవుల మీద ఉంచింది. దీవి అనగానే స్వేచ్ఛ అనిపిస్తుంది గాని, ఆ మడ దీవుల్లో వాటికి సరిపడా తిండీ లేదు, మంచినీళ్లూ లేవు. పడవలో మనుషులు తెచ్చి పోస్తేనే బతుకు. 2015లో ఆ సంస్థ నిధులు ఆపివేసింది. అరవైకి పైగా చింపాంజీలను స్థానిక సంరక్షకులు, జంతు సంక్షేమ సంఘాలు విరాళాలతో నిలబెట్టవలసి వచ్చింది. 2017లో ఆ సంస్థ 60 లక్షల డాలర్లు ఇచ్చేందుకు ఒప్పుకుని, వాటి జీవితకాల పోషణ భారాన్ని అమెరికా జంతు సంక్షేమ సంఘం తీసుకున్నాక గాని ఆ వివాదం ముగియలేదు.

దీనికి భిన్నంగా అమెరికా తన ప్రభుత్వ పరిశోధనల్లో వాడిన చింపాంజీల కోసం 2000లో ఒక చట్టమే చేసింది. దాని ప్రకారం ఆశ్రయం నడిపే ఖర్చులో 75 శాతం కేంద్ర ప్రభుత్వానిది, 25 శాతం నిర్వహించే స్వచ్ఛంద సంస్థది. లూసియానా రాష్ట్రంలోని చింప్ హేవెన్ అనే ఆశ్రయం ఆ ఏర్పాటు కిందనే నడుస్తోంది. చట్టంలో పెట్టిన ఖర్చు పరిమితి నిండవస్తే 2013లో సవరణ చేసి నిధులు ఆగకుండా చూశారు. 2015లో ప్రభుత్వ ఆరోగ్య పరిశోధనా సంస్థ మిగిలిన చింపాంజీలన్నిటికీ విరమణ ప్రకటించగలిగిందంటే, వాటిని పంపడానికి ఒక చోటు అప్పటికే ఉండడం కూడా కారణమని నా అభిప్రాయం. అమెరికా చేసినదంతా ఒప్పని అనను. అన్నేళ్లు ప్రయోగాలు చేసిన తరువాత గాని ఆ ఇంగితం కలగలేదు.

డబ్బు ఉన్నంత మాత్రాన ఆశ్రయం నడవదు. అందులో మొదటి నియమం పిల్లలు పుట్టకూడదు. పుట్టిన ప్రతి పిల్ల మరో కోతికి దక్కవలసిన చోటు తీసుకుంటుంది. చింప్ హేవెన్‌లో మగవాటన్నిటికీ వేసెక్టమీ చేసి ఉన్నా 2007 జనవరిలో ఒక ఆడపిల్ల పుట్టింది. అంత సిద్ధమైన చోటే అలా జరిగినప్పుడు, మన దగ్గర ఆపరేషన్ అయిందని చెవి మీద గుర్తు వేసి మరిచిపోతే సరిపోదు. ఇక కొత్త కోతిని గుంపులో కలపడం పెళ్లి సంబంధం కుదర్చడం కన్నా నిదానమైన పని. మొదట జాలీకి అటూ ఇటూ, తరువాత ఒక్కొక్కదానితో, చివరకు గుంపుతో కలపాలి. ఇందుకు నెలలు పట్టవచ్చు, కొన్ని ఎప్పటికీ కలవవు. ప్రతి గదికీ రెండు తలుపులుండాలి, ఒకటి మూసిన తరువాతనే రెండోది తెరవాలి. మనుషుల నుంచి కోతులకు క్షయ సోకుతుంది గనుక పనివారికి ఏటా పరీక్షలు తప్పనిసరి. వాటి లాలాజలంలో ఉండే బి వైరస్ మనకు సోకడం అరుదే గాని, సోకితే ప్రాణాల మీదికి వస్తుంది. భక్తులు తెచ్చే అరటిగెలలు, బూందీ లడ్డూలు మాత్రం గేటు దగ్గరే ఆపాలి. తీపి మరిగిన కోతులకు పళ్లు పుచ్చుతాయి, చక్కెర వ్యాధి వస్తుంది. ఆకుకూరలు, కూరగాయలు, నానబెట్టిన శనగలే వాటికి మేలు. ఈ మాట చెప్పినందుకు ఆంజనేయస్వామి భక్తులతో నేను పడిన తగాదాలు చిన్నవి కావు.

మన రాష్ట్రానికి ఈ విషయంలో మరో బాధ్యత ఉంది. ప్రయోగాల్లో వాడిన జంతువుల తదనంతర సంరక్షణ, పునరావాసం ఖర్చును పరిశోధన బడ్జెట్‌లోనే చూపాలని మన దేశపు మార్గదర్శకాలు చాలా కాలంగా చెబుతున్నాయి. హైదరాబాదులో తయారైన కొవాగ్జిన్‌ను 2020లో 20 రీసస్ (ఎర్రమూతి) కోతుల మీద పరీక్షించిన తరువాతనే మన చేతులకు ఆ సూది పడింది. నేనూ వేయించుకున్నాను. టీకాల రాజధాని అని చెప్పుకునే ఊరిలో ప్రయోగశాల నుంచి బతికి బయటపడే కోతులకు ఒక చోటు చూపడం ఔదార్యం కాదు, బాకీ. పైగా వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో రీసస్ కోతి రక్షిత జంతువుల జాబితాల నుంచి తొలగింది. ఇకపై ఈ కోతులు ఎవరి పూచీ అని అటవీ శాఖ, పంచాయతీ ఒకదాని వైపు ఒకటి చూసుకునే పరిస్థితి రాకూడదు.

అందుచేత ప్రభుత్వానికి నా విన్నపం ఇది. కోలుకుని వెళ్లగల కోతుల కోసం నిర్మల్ తరహా కేంద్రాలు పెంచండి. వెళ్లలేని వాటి కోసం రాష్ట్రం మొత్తానికి ఒక్కటే శాశ్వత ఆశ్రయం చాలు, కానీ దాని ఉత్తర్వులో స్థలం, కట్టడాలతో పాటు ఎన్ని కోతులకు మించి తీసుకోరాదో, వాటిలో చివరిది పోయేదాకా ఏ పద్దు నుంచి డబ్బు వస్తుందో రాసి ఉండాలి. పరిశోధనా సంస్థలు తాము పంపే ఒక్కొక్క కోతికీ దాని మిగిలిన ఆయుష్షుకు సరిపడా సొమ్మును ముందుగానే జమ చేయాలి. నేను పైన చెప్పిన ఒంటిచేతి కోతిని, ఆశ్రయం మూసిన రోజున, మరో జిల్లాలోని గోశాలవారు జాలిపడి తీసుకెళ్లారు. గోశాలలో కోతికి తగిన గది ఉండదు.

ఇట్లు,
ఒక విశ్రాంత పశువైద్యుడు,
కరీంనగర్