యుద్ధం ఆగింది, ఆకలి ఆగలేదు

సంపాదకుల వారికి,

రెండో ప్రపంచయుద్ధం మీద మన దగ్గర వచ్చే వ్యాసాలు చాలావరకు 1945తో ఆగిపోతాయి. ఆ తర్వాత జర్మనీలో మామూలు జనం ఎలా బతికారో ఆనాటి కుటుంబాల ఉత్తరాలే చెబుతాయి. వాటిలో రాజకీయాలు తక్కువ. బంగాళాదుంపలు, బొగ్గు, చిరిగిన బూట్లు, ఇంకా ఇల్లు చేరని కొడుకు గురించిన బెంగ, అంతా ఇదే.

1946-47 చలికాలం మరీ ఘోరం. గెలిచిన దేశాలు జర్మనీని పంచుకుని పాలించిన భాగాల్లో, అంటే బ్రిటిష్, అమెరికన్ జోన్లలో, రోజుకు 1550 క్యాలరీల రేషన్ అన్నది కాగితం మీది మాట. కొన్ని ఊళ్లలో వెయ్యి కూడా అందలేదు. బెర్లిన్‌లో టియర్‌గార్టెన్ పార్కు చెట్లు పొయ్యిలోకి పోయాయి, ఆ నేలలో కూరగాయలు వేసుకున్నారు. ప్రాణం నిలుపుకోవడానికి కావలసింది తీసుకోవచ్చని కొలోన్ నగర క్యాథలిక్ మతపెద్ద కార్డినల్ ఫ్రింగ్స్ 1946 డిసెంబర్ 31న అన్నారో లేదో, బొగ్గు దొంగతనానికి జనం ఆయన పేరే పెట్టేశారు: 'ఫ్రింగ్సెన్'! 1948 జూన్‌లో కొత్త కరెన్సీ 'మార్కు' వచ్చేదాకా సిగరెట్లే డబ్బు.

ఒక్కటి మాత్రం నాకు గుచ్చుకుంటుంది. తమ ఆకలి గురించి అంత వివరంగా రాసుకున్నవాళ్లు, తమ సైన్యం సోవియట్ నగరం లెనిన్‌గ్రాడ్‌ను ముట్టడించి ఆకలితో మాడ్చి చంపిన లక్షలమంది గురించి రాసింది బహు తక్కువ. మీ ఆదివారం సంచికలో ఇలాంటి ఉత్తరాలు ఎప్పుడైనా వేస్తే, ఈ మౌనం గురించి కూడా నాలుగు మాటలు రాయించండి.

- ఒక పాఠకురాలు, హనుమకొండ