మల్లి గాయం సంగతి

పాపా,

మీ అమ్మ పంపే పొట్లంలోనే ఈ కాగితం పెడుతున్నా. గోంగూర ఊరగాయ ఉంది, నెయ్యి సీసా ఉంది, తలకిందులు చెయ్యొద్దు. ఆదివారం నుంచి నీ ఫోను మోగుతానే ఉంది. పనిలో ఉంటావులే. నీ గూస్ బాతు మల్లిని కుక్క పట్టిందని పుత్తూరు అత్త చెప్పింది, నువ్వు పంపిన ఫొటో కూడా చూసినా. దాని గురించే రాస్తున్నా, వేరే ఏమీ లేదు.

మసకబడినాక పట్టుకుంటే బెదరదు. కాళ్లు పట్టి ఎత్తొద్దు, గూస్ బాతుకు కాళ్లు తొందరగా దెబ్బతింటాయి. రెక్కలు రెండూ ఒంటికి అదిమి, పాత తువ్వాలు చుట్టి, తల నీ వెనక్కి ఉండేట్టు చంకలో పెట్టుకో. ఈకలకు కుక్క చొంగ అంటి ఉంటుంది, గ్లౌజులు వేసుకో. ఒంటిచేత్తో అయ్యే పని కాదు. ఇంటాయన్నయినా పిలువు.

గాయం చుట్టూ రెండు వేళ్ల మేర ఈకలు కత్తిరించు, పీకితే చర్మం చినుగుతుంది. మరగబెట్టి చల్లార్చిన లీటరు నీళ్లకు ఒకటిన్నర టీస్పూను ఉప్పు కలిపి, సూది తీసేసిన 20 మి.లీ. సిరంజితో మురికి పోయేదాకా చిమ్ము. అయితే గాయంలోంచి బుడగలు వస్తుంటే ఒక్క చుక్క పొయ్యొద్దు. పక్షికి ఊపిరితిత్తులతో పాటు ఒళ్లంతా గాలి సంచులుంటాయి, నీళ్లు నేరుగా అందులోకి పోతాయి. అప్పుడు గుడ్డ కప్పి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకుపోవాల్సిందే. బుడగలు లేకపోతే బెటాడిన్‌ను పాలు కలపని టీ రంగు వచ్చేదాకా నీళ్లలో కలిపి తుడువు. స్పిరిట్ వద్దు. మన నొప్పి మాత్రలు అసలే వద్దు. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందుతోనే రాబందులు చచ్చిపోతే 2006లో దాన్ని పశువులకు వాడడం ఆపినారు.

పసుపు గుర్తొచ్చి ఉంటుంది నీకు. పాకాల మామ అదే చేసినాడు. ఆయన బాతుకు పైకి కనిపించింది రెండు పంటి గాట్లే. పసుపు, కాఫీపొడి కలిపి కూరినాడు. మూడో రోజుకు నల్లగా పొక్కు కట్టింది, మానిందని అందరికీ చెప్పుకున్నాడు. బాతేమో మేత మానేసి గోడకు ఆనుకొని కూర్చుంది. ఐదో రోజు వాసన. పొక్కు ఎత్తి చూస్తే లోపల జున్నుముక్కలాంటి గడ్డ, దాని కింద పురుగులు. పక్షుల చీము నీళ్లలా కారదు, జున్నులా గట్టిపడుతుంది. దానంతటది బయటికి రాదు, డాక్టరు తియ్యాల్సిందే. కుక్క పన్ను పైన చిన్న బొక్కే చేస్తుంది, లోపల కండను నలిపేస్తుంది. ఎంత చిన్న గాటైనా కుక్కకాటంటే యాంటీబయాటిక్ అడగాలి, ఆ మందు నడిచినన్నాళ్లు గుడ్లు తినకూడదు. మామకు ఇదంతా చెప్పినా. విన్నాడా?

ఈ ఎండల్లో ఈగ గుడ్డు ఒక్క రోజులో పురుగవుతుంది, పొద్దున సాయంత్రం చూడు. దోమతెర కట్టు, వరిగడ్డి రోజూ మార్చు. మిగతా బాతులు రక్తం చూస్తే పొడుస్తాయి, వేరుగా పెట్టు, కానీ వాటి అరుపు వినబడే చోట. మానేదాకా ఈత వద్దు. ముక్కు మునిగేంత లోతు గిన్నెలో తాగడానికి నీళ్లు చాలు. రెండు మూడు రోజులకు గాయం చుట్టూ ఆకుపచ్చ రంగు కనిపిస్తే కుళ్లిందనుకోవద్దు, పక్షులకు కమిలిన చోట అలాగే పచ్చబడుతుంది. నల్లబడి వాసనొస్తేనే భయపడాలి.

పక్షులకు రేబిస్ భయం లేదు, అది పాలిచ్చే జంతువుల జబ్బు. మల్లికి ఏమీ కాదు.

ఫొటోలో బాతును ఎడమచేత్తో పట్టుకున్నావు. ఈ ఎండలో కుడి చొక్కాచెయ్యి వేళ్లదాకా లాక్కున్నావు. అత్త కట్టు చూసినానంటోంది. నువ్వు చిన్నపిల్లవి కాదు, నేను చెప్పాల్సిన పని లేదు. అయినా విను. పన్ను గీరినా చాలు, సబ్బుతో ధారగా పావుగంట కడగాలి. రుయా ఆసుపత్రిలో రేబిస్ సూది వేస్తారు, చర్మంలో వేసేదయితే 0, 3, 7, 28 రోజుల్లో, మొదటి సూది రోజే 0. రక్తం వచ్చి ఉంటే గాటు చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబులిన్ అనే రేబిస్ మందు కూడా అడుగు. నాలుగు రోజులయిందని ఊరుకోవద్దు, ఆలస్యమైనా వేయించుకోవాలి. కుక్క బాగానే తిరుగుతోందని ఎవరన్నా చెప్తే వినొద్దు.

మీ అమ్మకు కట్టు సంగతి చెప్పలేదు. మల్లి ఫొటో ఇంకొకటి పంపు, రెండు చేతులూ కనబడేట్టు.

నాన్న